ఆరు కొలతలు

"ఆర్నెల్ల చుట్టపుచూపా?" అంటూ సరిహద్దు అధికారి ఆమె పెట్టెలోని నైటీలన్నీ బల్ల మీద పరిచాడు. "ఆరూ ఒకే గుడ్డ, ఒక్కోటి ఒక్కో సైజు. అమ్ముకోడానికేగా?"

ముప్పయ్యేళ్లు దర్జీగా మిషను తొక్కిన ఆమెకి ఆ మాటతో ఒళ్లు మండింది.

"అమ్మేవాటికి ఎవరైనా చేత్తో కాజాలు కుడతారా సార్? అన్నీ మా అక్కకే. జబ్బు చేసి నెలనెలా చిక్కిపోతోంది. బట్ట వదులైతే చిన్నప్పట్నుంచీ ఒప్పుకోదు. అందుకే బావ చెప్పిన కొలతకి మొదటిది కుట్టి, నెలకొకటి చొప్పున తగ్గించుకుంటూ వచ్చా. ఆర్నెల్లూ దగ్గరుండి నేనే తొడుగుతా."

అధికారి నమ్మలేదు. ఆమె వీసా కాగితంలో ఉన్న బావ నంబరుకి ఫోన్ చేశాడు. మొదట గద్దించాడు. కాసేపటికి "ఊఁ, ఊఁ" అనడమే మిగిలింది. ఫోన్ పెట్టేసి, ఆమె మొహం చూడకుండా ముద్ర కొట్టాడు.

"ఎన్నాళ్లిచ్చారు సార్?"

"ఆర్నెల్లూ ఇచ్చానమ్మా."

ఆమె ప్రాణం లేచొచ్చింది. అధికారి నైటీలు తనే ఒక్కొక్కటీ మడతపెట్టి పెట్టెలో సర్దసాగాడు.

"పెద్దది పైన పెట్టండి సార్. వెళ్లగానే తొడగాల్సింది అదే."

అతని చెయ్యి ఆగింది. అన్నిటికన్నా చిన్నదాన్ని అడుగు నుంచి తీసి పైన పెట్టాడు.

"అది ఆఖరి నెలది సార్."

"తెలుసమ్మా," అన్నాడతను.