జానెడు దూరం

రన్‌వే మీద పడిపోయిన చిన్న జైరోప్లేన్ విమానం లోపలికి చెయ్యి దూర్చిన మనిషితో పైలట్ అన్న మొదటి మాట, “ఎవడ్రా నువ్వు, చెయ్యి తీయ్.”

ఆ మనిషి చెయ్యి తీయలేదు. బెల్టు కోసి అతన్ని బయటికి లాగాడు. వెనక సీట్లో కళ్ళు గట్టిగా మూసుకుని వేలాడుతున్న పైలట్ బావమరిదినీ లాగాడు.

ఇంతలో కాపలావాడు వచ్చాడు. కంచె దూకినందుకు ఆ మనిషిని గేటు దాకా నడిపించి బయటికి పంపేశాడు.

పైలట్ వద్దనలేదు. జేబులో పర్సు ఉందో లేదో తడుముకున్నాడు. ఉంది.

అతనికి ఎడమ ముంజేయి విరిగింది. బావమరిదికి గీత కూడా పడలేదు. తలకు వచ్చింది తలపాగాతో పోయిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

“నేల మీద దిగడం నేర్చుకున్నాక పిలువు బావా. అప్పటిదాకా నాకు బస్సే నయం,” అన్నాడు బావమరిది.

పైలట్ నవ్వాడు గానీ, లోపల లైసెన్సు పోతుందన్న భయం తొలుస్తూనే ఉంది.

తప్పు తనదేనని అతనికి తెలుసు. పక్కగాలికి కుడి పెడల్ తొక్కిపట్టాడు. పెడల్‌తో పాటే తిరిగే ముక్కు చక్రం నేలను తాకేముందు పాదాలు సమం చేయడం మరిచాడు. వంకరగా దిగిన చక్రం బండిని ఎడమవైపు పొర్లించింది. నెత్తిన తిరిగే రెక్కలు నేలకు కొట్టుకుని ముక్కలయ్యాయి.

వాంగ్మూలంలో ఏదీ దాచలేదు. చివర మాత్రం ఒక వాక్యం రాశాడు: పడిన వెంటనే పెట్రోల్ కుళాయి నేనే కట్టేశాను.

ఇంజన్ ఆగకపోయి ఉంటే ఇద్దరూ కాలిపోయేవారు. తప్పు చేసినా బుర్ర పనిచేసిందని చెప్పే ఆ వాక్యమే లైసెన్సును కాపాడుతుందని అతని ఆశ. పైగా అది నిజం. కుళాయి చల్లదనం వేళ్ళకు ఇంకా గుర్తుంది.

దర్యాప్తు అధికారిణి అతన్ని షెడ్డులో అలాంటి బండిలోనే కూర్చోబెట్టి బెల్టు బిగించింది. పడినప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడుందని అడిగింది.

బండి కింద ఇరుక్కుందన్నాడు.

“అయితే కుడిచేత్తో కట్టండి, చూద్దాం.”

కుళాయి ఎడమవైపు, సీటుకు కాస్త వెనగ్గా ఉంది. అతను ఒళ్ళంతా మెలితిప్పాడు. వేళ్ళు జానెడు దూరంలో ఆగిపోయాయి.

మళ్ళీ చూశాడు. ఆ జానెడు తగ్గలేదు.

వేళ్ళకు గుర్తున్న చల్లదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి అర్థం కాలేదు.

“అబద్ధం రాశాను మేడమ్. ఇక లైసెన్సు పోయినట్టే కదా.”

“అబద్ధం కాదు లెండి. భయపడ్డ మనసు ఖాళీ కనిపిస్తే ఊరుకోదు, తననే తెచ్చి అక్కడ కూర్చోబెడుతుంది.”

ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టమంది. శిక్షకుడి పక్కన మరో పది గంటలు దిగడం నేర్చుకుంటే చాలు, లైసెన్సు ఉంటుందంది.

గుండెల మీద కుంపటి దించినట్టయింది. వెంటనే ఇంటికి ఫోన్ చేద్దామనుకున్నాడు. చెయ్యి జేబు దగ్గరే ఆగింది.

మరి కుళాయి కట్టిందెవరని అడిగాడు.

కంచె దూకిన మనిషి అందామె. ఆయన చెయ్యి ముందు వెళ్ళింది కుళాయి మీదికేనని, పరుగెత్తుకొస్తూ కాపలావాడు చూశాడట. ఎనిమిదేళ్ళుగా విమానాలు దిగే వేళకు కంచె అవతల వచ్చి నిలబడేవాడట. ఆ రోజు తర్వాత మళ్ళీ రాలేదు. వాంగ్మూలం కోసం వెళితే అద్దె గది ఖాళీగా ఉంది. ఎటు వెళ్ళాడో ఇంటివాళ్ళకూ తెలియదు. గేటు బయట వదిలినప్పుడు మాత్రం, ఎన్నాళ్ళకో ఆకలేస్తోందని కాపలావాడితో అని నవ్వాడట.

“ఆయన మీకు తెలుసా మేడమ్?”

ఆయన కేసు దర్యాప్తు కూడా తానే చేశానంటూ ఆమె ఒక పాత ఫైలు తెరిచి అతని ముందుకు జరిపింది.

ఎనిమిదేళ్ళ క్రితం ఇదే రన్‌వే మీద, ఇలాగే పొర్లిన బండిలో, కుళాయి అందక వెనక సీట్లోని భార్యను మంటలకు వదిలేసుకున్న పైలట్, ఆ కంచె దూకిన మనిషే.