పై పొలంలో వాటా

“ఏయ్ అవ్వా! దిగకు! దమ్ము చేసిన పొలం అది, కనబడటం లేదూ?”

గట్టు మీంచి పొడిమెణికె వేసిన కేక చెరువు కట్ట దాకా వినబడింది.

అప్పటికే చీలమండల దాకా బురదలో దిగిన ముసలామె వెనక్కి తిరిగింది. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో గొడుగు.

“చల్లగా ఉందమ్మాయీ” అంది.

“ఉంటుంది, ఉంటుంది. కాళ్ళు చల్లబరుచుకోవడానికా మేం నడుం విరగ్గొట్టుకుంది? ఎక్కు పైకి!”

ముసలామె తాపీగా గట్టెక్కింది. పొడిమెణికె పక్కనున్న గోనెసంచీ మీది తడిగుడ్డ తొలగించి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుంది.

“మొలక పొడుగైపోతోంది. ఇవాళ చల్లకపోతే ఇవి పనికిరావు” అంది ముసలామె.

“తెలియకనా ఇక్కడ కూర్చున్నది?”

“మరి చల్లవేం?”

“ఎక్కడ చల్లను? నా పొలం అదుగో, ఆ చివర. అక్కడికి నీళ్ళందవు. చెరువులో మిగిలినవి ఈ పై పొలానికి సరిపోతే గొప్ప.”

వాన మొహం చాటేసిన ఏడు ఆ ఊళ్ళో బెత్మ కడతారు. చెరువు పక్కనున్న పై పొలం ఒక్కటే సాగు చేస్తారు. అది ఎవరిదైనా సరే, ఆ ఒక్క పంటకీ ముక్కలు చేసి అందరూ పంచుకుంటారు. కోతలయ్యాక ఎవరి పొలం వాళ్ళది. యజమాని సరే అనాలి, అంతే.

ఈ పై పొలం క్యాండీ నగరంలో ఉండే బండారగారిది. ఆయన సరే అన్నాడు. ఊరంతా కలిసి దున్ని దమ్ము చేశారు. తీరా పోయిన వారం ఆయన కన్నుమూశాడు. ఇప్పుడు వారసుల మాట కావాలి. ఇవాళో రేపో రాకపోతుందా అన్న ధీమాతో పొడిమెణికె విత్తనాలు నానబెట్టేసింది. ఇంట్లో ఉన్న వడ్లన్నీ అవే.

“వారసులు కాదంటేనో?” అంది ముసలామె.

“ఈ మొలకలు కోళ్ళకి. నేనూ మా ఆయనా పట్నంలో ఇటుకలు మొయ్యడానికి.”

“అవునంటే వాటాలెవరికి?”

“కింద పొలం ఉన్న ప్రతి ఇంటికీ.”

“యజమానికి?”

“వాళ్ళకీ ఒక ముక్క. సొంత పొలమైనా సరే, ఆ పంటకి మాలో ఒకరు.”

ముసలామె పకపకా నవ్వింది. “భలే పద్ధతి! అయితే నాకూ ఓ చిన్న ముక్క ఇప్పించరాదూ? చిన్నప్పుడు నేను చెయ్యి తిప్పి చల్లితే గింజ మీద గింజ పడేది కాదు.”

అప్పటికి గానీ విషయం బోధపడలేదు పొడిమెణికెకి. కింది ఊరి చెరువు ఎండి నెర్రెలు విచ్చింది కదా! ఆ ఊరి మనిషి, నీళ్ళ వాసన పట్టి ఇటొచ్చేసింది.

“అదా సంగతి! కింది ఊరి నుంచి వాటాకొచ్చావన్నమాట. అవ్వా, తలా చాపంత ముక్క వస్తే మహాభాగ్యం అనుకుంటున్నాం. మాకే చాలదు, నీకెక్కణ్ణించి తెచ్చేది?”

ముసలామె కాసేపు పొలం కేసి చూసింది.

“నిజమే. మీకే చాలదు” అంది.

ఆ మెత్తదనానికి పొడిమెణికె మనసు చివుక్కుమంది.

“కోపం తెచ్చుకోకు. ఎండనపడి వచ్చావు, ఇంద” అని మంచినీళ్ళూ, జీలుగ బెల్లం ముక్కా ఇచ్చింది.

ముసలామె బెల్లం చప్పరిస్తూ, కాళ్ళ బురదైనా కడుక్కోకుండా కట్టెక్కి ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటాక సైకిలు గంట గణగణ మోగింది. ఊరి చెరువు నీళ్ళకి పెద్ద హీన్‌బండా, లుంగీ ఎగ్గట్టి తొక్కుకుంటూ వస్తున్నాడు.

“మాట వచ్చిందర్రా! చల్లుకోండి!”

పొడిమెణికె సంచీని కావిలించుకుని అక్కడే కూలబడిపోయింది.

“ఏడుపు తర్వాత, ముందు చీటీ తియ్యి” అన్నాడు మొగుడు. అతని కళ్ళూ తడిగానే ఉన్నాయి.

తూము ఎత్తారు. ఎవరికే ముక్కో చీటీలు తీశారు. హీన్‌బండా తాడు పట్టి కొలిచి, ముక్కకీ ముక్కకీ మధ్య కర్రలు పాతాడు. పొద్దు వాలేసరికి గోనెసంచీ ఖాళీ అయింది. ఎన్నాళ్ళకో పొడిమెణికెకి ఆకలి గుర్తొచ్చింది.

ఒడ్డెక్కి తన ముక్కని చూసుకుంది. అనుకున్న దానికంటే వెడల్పుగా ఉంది.

“అన్నా, కొలత తప్పావా ఏం?”

“అందరికీ అంతే వచ్చింది.”

“మరి యజమాని ముక్క ఏది? పోయినాయన మంచివాడు. ఆ ఇంటి వాటా మింగితే అన్నం అరుగుతుందా మనకి?”

“బండారగారి అక్కే వచ్చింది, మాట చెప్పడానికి. కూర్చోమన్నా కూర్చోలేదు, వచ్చిన బస్సుకే వెళ్ళిపోయింది.”

“అయ్యో! చెప్పొద్దూ? వచ్చి దణ్ణం పెట్టుకునేదాన్ని కదా. వాటా సంగతి ఏమంది?”

హీన్‌బండా తాడు చుట్టుకుంటూ అన్నాడు.

“‘పై పొలం గట్టున ఎవరో అమ్మాయి చెప్పింది, పాపం మీకే చాలదట, నా ముక్క కూడా మీలో కలిపేసుకోండి’ అంది.”