పన్నెండుమంది సూరీడమ్మలు

సూరీడమ్మ పిత్తనాళంలో రాయి ఇరుక్కుంది. గొంతులోంచి గొట్టం వేసి దాన్ని తీసేయడం తేలికే. ఆ తర్వాత క్లోమం వాయకుండా మందు ఎంత ఇవ్వాలన్నదే చిక్కు. అందుకే ఇప్పుడు అన్ని ఊళ్లలోలాగే రాజమండ్రిలోనూ ముందుగా కంప్యూటర్లో మనిషికి పన్నెండు నీడలు, అంటే అచ్చం ఆ మనిషిలాగే మాట్లాడే నకళ్లు, తీస్తారు. తెర మీద ఒక్కో నీడకి ఒక్కో మోతాదు ఇచ్చి రాయి తీసి చూస్తారు. తాము నీడలమని వాటికి తెలియదు. అవి పడే నొప్పి దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలని మాత్రం రూలుంది.

ఆ ఉదయం నర్సు ఎస్తేరు కూర్చుంది. మందు తక్కువ పడ్డ సూరీడమ్మలు కడుపు పట్టుకుని మెలికలు తిరిగారు. ఎక్కువ పడ్డవాళ్లకి మూత్రం ఆగిపోయింది. "గుక్కెడు నీళ్లియ్యమ్మా" అని అడిగినవాళ్లందరికీ "ఇప్పుడే తాగకూడదండి" అని చెప్పింది. ఏడో సూరీడమ్మ మాత్రం హాయిగా లేచి కూర్చుంది.

"నాకేం నొప్పి లేదే! ఇంక ఇంటికెళ్లిపోనా?"

మోతాదు దొరికింది. ఇక నీడలన్నిటినీ ఆర్పేయాలి, ఏడోదాన్ని కూడా. ఒక్కొక్కరికీ "వెళ్లి రండి" అని చెబుతూ ఎస్తేరు మీట నొక్కింది.

ఆ మధ్యాహ్నమే అసలు మనిషికి అదే మోతాదు ఇచ్చి రాయి తీశారు. మర్నాడు సూరీడమ్మ సంచీ సర్దుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"వెళ్తానమ్మా."

"వెళ్లి రండి" అనేసింది ఎస్తేరు.

"ఓసి పిచ్చిపిల్లా, ఆసుపత్రిలో ఎవరన్నా మళ్లీ రమ్మంటారా?" సూరీడమ్మ పకపకా నవ్వింది. "చూడు, నేను వస్తానన్నానా?"

ఎస్తేరు నవ్వలేకపోయింది. నిన్న మీట నొక్కే ముందు ఇదే గొంతు పన్నెండుసార్లు "వస్తానమ్మా" అంది.