అడుగున పెట్టిన గాజు

“ఆ గుంట జోలికి వద్దమ్మా,” అన్నాడు మేస్త్రి. “మట్టి వదులు, కూలుతుంది. దిబ్బకి అవతలి పక్క తవ్వుకుందాం, నా మాట వినండి.”

“వదులు మట్టి తవ్వడానికి నొప్పేమిటయ్యా? ఒళ్లు వంచలేక చెప్పే కబుర్లు కాకపోతే!” అంది ఆవిడ.

పక్క పట్నం నుంచి వచ్చిన కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి పారలు అందుకున్నారు.

ఆవిడ పురావస్తు తవ్వకాల్లో తల పండిన మనిషి. భర్త అదే పనిలో కొలతలు తీస్తాడు. పరాయి దేశంలోని ఈ దిబ్బ కోసం ఇద్దరూ కాళ్లరిగేలా తిరిగి పర్మిషన్ సంపాదించారు. అడిగినవాళ్లకి పాత పట్నం గోడలని చెప్పింది గానీ, అసలు సంగతి ఆయనకి తెలుసు. ఆవిడ వెతుకుతున్నది ఉడత కోసం.

ఉడత అంటే మనిషే. ఆవిడ చిన్నప్పుడు ఈ దిబ్బని ఆవిడ తండ్రే తవ్వించాడు. తల్లి లేని పిల్లని ఎక్కడా వదలలేక వెంట తెచ్చుకున్నాడు. కింద ఊళ్లోని ఆడవాళ్లు కుండపెంకులు కడగడానికి వచ్చేవారు. వాళ్లలో ఒకామె కూతురు కాలు నిలవకుండా గుంటల గట్ల మీద పరుగులు తీస్తుంటే తండ్రే ఉడత అని పేరు పెట్టాడు. ఈవిడ నెత్తిన ఎప్పుడూ పెద్ద టోపీ ఉండేది కాబట్టి ఉడత తన భాషలో పుట్టగొడుగు అనేది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పొద్దస్తమానం కబుర్లే. ఏం చెప్పుకునేవారో ఆ దేవుడికే తెలియాలి.

పని ముగిశాక తండ్రి గుంట పూడ్పించాడు. పూడ్చేముందు అడుగున ఈ కాలపు వస్తువొకటి పెట్టడం ఆ పనిలో అలవాటు. ఎప్పుడో మళ్లీ తవ్వేవాళ్లకి, ఇక్కడిదాకా ఎవరో చూసేశారని తెలియడానికి. ఆ ఏడు పెట్టింది పుట్టగొడుగు చేతి ఎర్ర ప్లాస్టిక్ గాజు. జతలో రెండోది ఉడతకిచ్చింది. ఉడతది బొద్దు చెయ్యి. సబ్బు నురగ రాసి, ఏడిపించి, ఎలాగో ఎక్కించారు. తర్వాత తియ్యబోతే రాలేదు.

“ఇక కొయ్యాల్సిందే,” అని తండ్రి కత్తెర చూపించి నవ్వాడు. ఉడత చెయ్యి వెనక్కి దాచేసుకుంది.

వచ్చే ఏడు ఇద్దరూ కలిసి అడుగుదాకా తవ్వి మొదటి గాజు తియ్యాలని ఒప్పందం. అదీ సైగలతోనే. వచ్చే ఏటికి ఆ దేశంలో యుద్ధం వచ్చిపడింది. తండ్రి పోయాడు, ఆవిడ జుట్టు నెరిసింది, ఒప్పందం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఊరుంది, మనుషులు లేరు. వచ్చిన రోజే ఆవిడ ఉడత ఇంటికి పోయి చూసింది. కప్పు కూలింది. పొయ్యి మీద గిన్నె తుప్పు పట్టి ఉంది. గడప పక్కన రబ్బరు చెప్పులు వరసగా ఉన్నాయి. ఏ ఇల్లు చూసినా అదే వరస.

“ఎక్కడివక్కడ వదిలేసి ఎటు పోయారయ్యా వీళ్లంతా?”

“తొందరలో పోయారమ్మా,” అన్నాడు మేస్త్రి తల వంచుకుని. “సరిహద్దు దాటారంటారు.”

సరిహద్దు అవతల ఆవిడ వెతకని శిబిరం లేదు. ఇంత లోకంలో ఆ ఊరి మనిషి ఒక్కడంటే ఒక్కడు తగల్లేదు. ఉడత మీద ఆశ ఎప్పుడో చచ్చిపోయింది. కనీసం అడుగున పెట్టిన గాజైనా కళ్లచూసి పోదామని, ఈ వయసులో తాపీ పట్టుకుని గుంటలో కూర్చుంది.

నడుములోతు దిగారో లేదో, తాపీ అంచున ఎర్రగా మెరిసింది.

“ఏమండీ! గాజు!”

ఆయన టేపు పట్టుకుని దిగాడు. కొలిచి, మళ్లీ కొలిచాడు.

“ఇక్కడెందుకుంటుందే? అడుగు ఇంకా నిలువెత్తు కిందుంది.”

“సరిగ్గా కొలిచారా?”

“పెళ్లయిన నాటి నుంచీ నా కొలతల మీద నీకు అనుమానమే. ఒకవేళ ఇది రెండోదేమో. ఆ పిల్ల చేతిది.”

“అది ఊడి రాదండీ, కొయ్యాల్సిందే. దీనికెక్కడైనా కోత ఉందా చూడండి. ఇది అడుగున పెట్టినదే!”

“మరి ఇంత పైకెలా వచ్చింది?”

“ఉడత తవ్వింది. నేను రాలేదని, తానే తవ్వి తీసింది. నేనెప్పుడొచ్చినా చప్పున దొరకాలని ఇంత పైన పెట్టి పూడ్చింది.”

“చిన్నపిల్ల. అంత గుంట తవ్వగలదా?”

“ఒకసారి పూడ్చిన మట్టి మెత్తగా ఉంటుంది. ఎవరైనా ఇట్టే తవ్వెయ్యగలరు.”

గట్టు మీద మేస్త్రి తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కూలీలు పారలు కింద పెట్టేశారు.

“చాలమ్మా,” అన్నాడు మేస్త్రి. “ఇక పైకి రండి.”

“ఇంతదాకా వచ్చి ఆపమంటావేమిటయ్యా? మా ఉడత బతికే ఉంది!” ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. ఇన్నేళ్లలో ఆ మొహంలో అంత వెలుగు ఆయన చూడలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, కుంచె అందుకుంది. పసిపిల్ల ఒళ్లు తుడిచినట్టు మెల్లగా మట్టి తుడుస్తూ పోయింది. సగం కనబడిన గాజు ముప్పావు కనబడింది, తర్వాత మొత్తం కనబడింది. ఎక్కడా కోత లేదు.

గాజులో చెయ్యి ఉంది.