ఇరవై రెండు సెకన్లు

"ఇది కూడా చాలదు తమ్ముడూ. ఇంకొంచెం మోగాలి."

మెకానిక్ ఇంజను ఆపి, చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. పొద్దుటి నుంచి ఇది మూడో సైలెన్సరు. మొదటిదానికి ఎదురింటి డాబా మీది పావురాలు లేచిపోయాయి. రెండోదానికి ఎదురింటాయన బాల్కనీలోకొచ్చి తిట్టాడు. మూడోదానికీ తిట్టాడు గానీ పెదాలు కదలడమే కనిపించింది. అయినా బండి తెచ్చిన గుమాస్తాగారికి ఆనలేదు.

చప్పుడు కోసం వచ్చేవాళ్లని మెకానిక్ పాతికేళ్లుగా చూస్తున్నాడు. మీసం మొలిచీ మొలవనివాళ్లు, పెళ్లి కుదరనివాళ్లు, పెళ్లి కుదిరి దిగులు పడ్డవాళ్లు. పేరుకి అది సైలెన్సరే గానీ నిశ్శబ్దం కోసం దాన్ని కొన్నవాణ్ణి ఇంతవరకూ ఎరగడు.

ఈయన ఆ బాపతు కాదు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో టిఫిన్ డబ్బా. వచ్చేటప్పుడు అత్తారింట్లో కొత్త అల్లుడిలా సీటు అంచున కూర్చుని వచ్చాడు. బండి మాత్రం బంగారం. ఇంజను నడుస్తోందో లేదో చెయ్యి ఆనించి చూస్తే గానీ తెలియదు. దాన్ని చెడగొట్టమంటుంటే మెకానిక్‌కి ప్రాణం ఉసూరుమంది.

"ఈ వయసులో ఎందుకండీ ఈ సరదా?" అని అడిగేశాడు.

"సరదా ఏమిటి నా మొహం. ఉద్యోగం తమ్ముడూ. ఇప్పటికి రెండు మెమోలొచ్చాయి. మూడోది వస్తే ఇంటికి పంపేస్తారు. ఇంటికెళ్తే మీ వదిన పంపేస్తుంది."

"మెమోలెందుకొచ్చాయి?"

"ఈ బండికి చప్పుడు లేక."

చప్పుడు చేస్తే గానీ నిలవని ఉద్యోగం ఏమై ఉంటుందా అని మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. బ్యాండు మేళం తప్ప ఇంకేదీ తట్టలేదు.

ఈయన పరీక్ష పెట్టే తీరు కూడా వింతగానే ఉంది. ఎవరైనా బండెక్కి, రేసు పెంచి, చెవులారా విని మురిసిపోతారు. ఈయన బండి దరిదాపులకే రాడు. సందు చివర మెకానిక్ భార్య నడిపే టీకొట్టులో దూరి, తలుపు దగ్గరగా వేసుకుని, ఫ్యాను పెట్టించుకుని కూర్చుంటాడు. మెకానిక్ మెయిన్ రోడ్డు దాకా వెళ్లి, వెనక్కి తిప్పి, టీకొట్టు గుమ్మం దాకా రావాలి. చప్పుడు చెవిన పడ్డ క్షణం నుంచి బండి గుమ్మంలో ఆగేదాకా ఎన్ని సెకన్లో గడియారం చూసి లెక్కపెడతాడు.

"ఇరవై రెండు కావాలి తమ్ముడూ. దూకించొద్దు. పెద్దమనిషి నడిపినట్టు నెమ్మదిగా నడుపు."

మొదటిది ఆరు సెకన్లు. రెండోది పదకొండు. మూడోది పదిహేడు.

పదిహేడు దగ్గర మెకానిక్ భార్య మొగుణ్ణి పక్కకి పిలిచింది.

"నీ బేరానికి తిక్కున్నట్టుంది. బెంచీ మీద కాళ్లు బారజాపి, మొహం మీద పేపరు కప్పుకుని పడుకుంటాడు. నీ చప్పుడు వినగానే దిగ్గున లేస్తాడు. పేపరు బెంచీ కిందికి తోసి, చెప్పులు వెతుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, మన చిన్నదాని లెక్కల పుస్తకం ముందేసుకుని తల వంచుకుంటాడు. ఇందాక పెన్ను మూత తీసేలోపే నువ్వొచ్చేశావు. నెత్తి కొట్టుకున్నాడు పాపం."

"మనకెందుకే," అన్నాడు గానీ మెకానిక్‌కి పంతం పట్టుకుంది. తన దగ్గరికొచ్చినవాడు చప్పుడు చాలక వెనక్కి పోయాడంటే పరువేం కాను? నిచ్చెన వేసి అటక మీంచి నాలుగోది దించాడు. అది బజారులో దొరికే సరుకు కాదు, తన చేత్తో చేసింది. ఒకడు బిగించుకుని, ఆ సాయంత్రమే వాళ్లమ్మ కాళ్లావేళ్లా పడితే తిరిగిచ్చేశాడు. అప్పట్నుంచీ అటక మీదే ఉంది.

బిగించడం అంత తేలిగ్గా అవలేదు. పాత గొట్టం నట్టు పట్టేసి ఒక పట్టాన ఊడలేదు. ఊడాక కొత్తదాని బోల్టు కన్నం బండికి కలవలేదు. ఇనప పట్టీ కోసి, కన్నాలు వేసి, కొత్త వాషరు పెట్టి, క్లాంపు బిగించేసరికి మెకానిక్‌కి మోచేతుల దాకా మసి అంటింది.

"దీంతో పోలీసులు ఆపుతారేమో సార్. ముందే చెప్తున్నా."

"ఆపితే మరీ మంచిది," అన్నాడు గుమాస్తా, టీకొట్టు వైపు నడుస్తూ.

ఈసారి బండి మెయిన్ రోడ్డు మలుపులో ఉండగానే టీకొట్టులో గ్లాసులు గలగలలాడాయి. ఎదురింటాయన తిట్టడానికి కూడా రాలేదు, కిటికీలు మూసుకున్నాడు. మెకానిక్ నెమ్మదిగా, పెద్దమనిషిలా వచ్చి గుమ్మంలో ఆగాడు. లోపల గుమాస్తా కళ్లజోడుతో, తెరిచిన పెన్నుతో, లెక్కల పుస్తకంలో తల దూర్చి, పుట్టి బుద్ధెరిగాక తల ఎత్తనివాడిలా కూర్చుని ఉన్నాడు.

"ఇరవై నాలుగు," అన్నాడు తలెత్తి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "రెండు సెకన్లు మిగిలాయి తమ్ముడూ. ఇక హాయిగా రిటైరవుతాను."

మసి సంగతి కూడా చూసుకోకుండా మెకానిక్‌ని గట్టిగా కావిలించుకున్నాడు. చొక్కా నల్లబడింది. పట్టించుకోలేదు.

తరవాత గొంతు సవరించుకుని, పై గుండీ పెట్టుకుని, ఫోను తీసి, ఎవరో ఎదురుగా ఉన్నట్టే లేచి నిలబడ్డాడు.

"సార్, మీ బండి సర్వీసింగు అయిపోయింది, కొత్త సైలెన్సరు మాత్రం మా సెక్షన్ వాళ్లందరి తరఫున మీకు పుట్టినరోజు కానుక సార్."