పడవలో బరువు

"ఎవరొచ్చినా ముందు నా ఆట ఆడాలి. తక్కిన మాటలన్నీ తరవాతే."

అది హారతి పెట్టిన షరతు. చదివిన కంప్యూటర్ చదువంతా ధారపోసి రెండేళ్ళు కష్టపడి తయారుచేసిన ఆట మరి. ఇప్పటికి ఇద్దరు ఆడారు. ఒకాయన సగంలోనే ఆవలించాడు. ఇంకొకాయన "ఆడపిల్ల చేసిందా ఇది!" అని ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. రెండుసార్లూ పని కుదరలేదు.

"ఈయనతో కూడా కుదరకపోతే ఇంక నావల్ల కాదమ్మా" అని తండ్రి దొరబాబు పొద్దున్నే చేతులెత్తేశాడు.

మూడో ఆయన గణేష్‌బాబు. హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీలో పెద్ద ఉద్యోగం. రాజమండ్రిలో రైలు దిగిన దగ్గర్నుంచీ కబుర్లన్నీ ఆటల గురించే.

పెద్దవాళ్ళు హాల్లో కూర్చున్నారు. గది తలుపు తీసే ఉంది. లావుపాటి మానిటర్ ముందు గణేష్‌బాబు. పక్కనే హారతి నిలబడింది. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదని ఆమెకీ తెలుసు.

ఆటలో గోదావరికి వరదొచ్చింది. ఆడేవాడే పడవ నడపాలి. ఏటి మధ్య లంకలో చిక్కుకున్న మాణిక్యాంబ అనే ముసలావిడని ఎక్కించుకుని, చీకటి పడేలోగా గట్టు చేరాలి.

గణేష్‌బాబు చెయ్యి తిరిగినవాడే. దారిలో కనిపించిన బంగారమంతా చకచకా మూటగట్టాడు. "అన్నం తిన్నావా నాయనా?" అని మాణిక్యాంబ అడిగితే, పూర్తిగా చదవకుండానే దాటేశాడు.

"రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఇవన్నీ ఎందుకండి? కత్తులుండాలి, లెవెల్స్ ఉండాలి, నిధి ఉండాలి."

"ఇంకొకళ్ళలా బతికి చూడ్డమే కదండి అసలు ఆట?" అంది హారతి.

"వినడానికి బాగుంటుందండి" అని నవ్వేశాడు.

నడి గోదావరిలో పడవలోకి నీళ్ళొచ్చాయి. బరువు తగ్గించాలి. బంగారం మూటా, మాణిక్యాంబా? తెరమీద ముసలావిడ దోసిళ్ళతో నీళ్ళు తోడిపోస్తోంది.

హారతి తెరవైపు వంగింది. ఒక్క క్షణం ఆగి ఆలోచించినా చాలు దేవుడా, అనుకుంది.

ఆగలేదు. మౌస్ టక్కుమంది. ముసలావిడ నీళ్ళలో పడిపోయింది. మూటతో సహా పడవ గట్టు చేరింది.

"ఈవిడవల్ల పాయింట్లేం రావు కదండి. అసలీ పాత్రే తీసెయ్యండి." గణేష్‌బాబు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "మిగతాదంతా బ్రహ్మాండం. నాకు ఓకే అండి. వెళ్ళి పెద్దవాళ్ళకి చెప్పెయ్యండి."

హారతి హాల్లోకి వచ్చింది. అందరూ ఆమెవైపు తిరిగారు. దొరబాబు గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏమన్నారమ్మా?"

"ఆయనకి ఓకేనంట నాన్నగారూ."

దొరబాబు కళ్ళు చెమ్మగిల్లాయి. పూతరేకుల పళ్ళెం అందుకోబోయాడు.

"కానీ ఈ పెళ్ళికొడుకు నాకొద్దు."