పాలసీ తాత

భద్రాచలం బ్రిడ్జి దగ్గరి టాక్సీ స్టాండుకు ఆ ముసలాయన వస్తున్నాడంటే చాలు, డ్రైవర్లంతా గబగబా బానెట్లు లేపి తలలు లోపల పెట్టేసేవాళ్ళు.

బండ్లన్నీ ఒక్కసారే చెడిపోయాయన్నమాట!

ముసలాయన నవ్వుకుంటూ ఒక్కో బండినీ దాటుకుని వచ్చి, సరిగ్గా బిక్షపతి అంబాసిడర్ దగ్గరే ఆగేవాడు.

"కొడుకా, ఇన్సూరెన్సు కట్టినవా?"

ఎప్పుడొచ్చినా అదే ప్రశ్న. అందుకే స్టాండులో ఆయనకు పాలసీ తాత అని పేరు పడింది. ఏ కంపెనీ ఏజెంటో, కమిషన్ కోసం ప్రాణాలు తోడేస్తున్నాడని అందరూ తీర్మానించేశారు.

బిక్షపతి బొగ్గుబాయి పని మానేసి, భార్య బతుకమ్మ మెడలో గొలుసు అమ్మి ఆ పాత కారు కొన్నాడు. అమ్మింది మధిర వైపు ఆసామి వెంకటనారాయణ. ఎడమ మడ్‌గార్డు మీద పెద్ద సొట్ట ఉంది.

"ఎద్దు పొడిచిందిలే" అన్నాడు ఆసామి.

ఆ సొట్ట వల్లే ధర తగ్గిందని బిక్షపతి మురిసిపోయాడు.

కారు కడుపు నింపుతోంది. కానీ ఇన్సూరెన్సే గుండెల మీద కుంపటి. కిరాయిలు ఉన్నచోటే ఉన్నాయి, అది మాత్రం ఏటేటా పెరుగుతోంది. ఉన్న పాలసీ ఈ నెలతో అయిపోతుంది. దాచిన పైసలు కొత్త టైర్లకైనా సరిపోతాయి, పాలసీకైనా సరిపోతాయి. రెండూ అంటే కుదరదు.

టైర్లకే అని బిక్షపతి మనసులో తేల్చేసుకున్నాడు. స్టాండులో సగం బండ్లకు పాలసీ లేదు మరి.

"రాములోరి ఫొటో ముంగటనే ఉన్నది. ఇంకేం పాలసీ?" అనేవాళ్ళు. కాగితాలు చూసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిస్తే అడవి దారి పట్టేవాళ్ళు.

"తాతా, ఇయ్యేడు కట్ట. టైర్లు కొంటున్న" అని బిక్షపతి చెప్పేశాడు.

ముసలాయన ఆ సొట్ట మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎప్పుడూ అక్కడే చెయ్యి వేసేవాడు.

"టైరు పగిలితే నీ బండి ఆగుతది. పాలసీ లేకుంటే ఇంకోల్ల బతుకు ఆగుతది, కొడుకా."

"మస్తుగ చెప్తవ్. నీ కమిషనెంత?"

"చాయ్ తాగిపియ్యి. గదే కమిషన్."

బిక్షపతికి నవ్వొచ్చింది. చాయ్ తాగించాడు.

"పెద్ద పాలసీ వద్దు. తక్కువల అయ్యేది ఉంటది గదా, అవతలోనికి దెబ్బ తాకితే ఇచ్చేది. గదొక్కటి కట్టు చాలు" అన్నాడు తాత, గ్లాసు కింద పెడుతూ.

ఎక్కడైనా ఏజెంటు తక్కువది కట్టమంటాడా అన్న అనుమానం బిక్షపతికి అప్పుడు రాలేదు. ఈ పీడ వదిలితే చాలనుకున్నాడు. మరునాడే కొత్తగూడెం ఆఫీసుకు వెళ్ళి కట్టేసి వచ్చాడు.

"ఇగో, కట్టిన. ఇగనన్న నన్ను ఇడిసిపెట్టు తాతా!"

"కట్టినవా?"

"అవ్. రాములోరి మీద ఒట్టు."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. బిక్షపతి తల నిమిరి, మడ్‌గార్డును కూడా ఒకసారి నిమిరి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

"కమిషన్ ముట్టింది, తాత మాయం!" అని స్టాండంతా పగలబడి నవ్వింది. బిక్షపతీ నవ్వాడు.

వానాకాలం వచ్చింది. కారేపల్లి కిరాయికి వెళ్ళి వస్తుంటే అరిగిన టైరు బురదలో జారింది. కారు పక్కకు వెళ్ళి, కట్టెల మోపుతో నడుస్తున్న చాంది అనే తండా ఆడమనిషిని కొట్టేసింది.

బిక్షపతి దిగి పరుగెత్తాడు. ఆమెను ఎత్తి కార్లో పడుకోబెట్టి, తనే దవాఖానాకు తీసుకుపోయాడు. కాలు విరిగింది కానీ ప్రాణం దక్కింది. కేసు ఖమ్మం కోర్టులో ఏడాది నడిచింది. నష్టపరిహారమంతా ఇన్సూరెన్సు వాళ్ళే కట్టారు. చాందికి వైద్యం జరిగింది, ఇంట్లోకి రెండు బర్రెలు వచ్చాయి. బిక్షపతికి కారు మిగిలింది.

"ఆ ముసలాయన లేకుంటే కారు అమ్మి రోడ్డు మీద పడేటోల్లం. జల్దీ పోయి ఆయన నోరు తీపి చేసి రా" అంది బతుకమ్మ.

బిక్షపతి సంబరంగా లడ్డూలు కట్టించుకుని కొత్తగూడెం ఆఫీసుకు వెళ్ళాడు. తాత ఎట్లా ఉంటాడో అక్కడి గుమాస్తాకు చెప్పాడు.

"చెవికి పోగు, చేతిలో కర్ర... పోతయ్య కదూ! ఆయన ఏజెంటు కాదయ్యా."

"మరి?"

"ఆయన కూతురు కారు కింద పడి పోయింది. కారుకి ఇన్సూరెన్సు లేదు. గుద్దినవాడు పైసా విదల్చలేదు. మా దగ్గరేమైనా పాలసీ ఉందేమోనని ఆ కారు నంబరు చెబుతూ ఏళ్ళ తరబడి తిరిగాడు. తల్లి లేని మనవల్ని కూలి చేసి పెంచాడు పాపం. నిరుడు ఎండాకాలంలో కాలం చేశాడు."

బిక్షపతి లడ్డూల పొట్లం బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ బయటకు నడిచాడు.

సాగనంపడానికి వెంట వచ్చిన గుమాస్తా కారు ముందు టక్కున ఆగిపోయాడు. నంబరు ప్లేటు చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ తర్వాత మెల్లగా సొట్ట మీద చెయ్యి వేశాడు.

"బిక్షపతీ, పోతయ్య కూతురు పడింది ఈ కారు కిందే."